వెంట్రుకవాసి తేడా

మెకానిక్ తైస్తో కంటికి, ముందు జారే రెండు స్కీ పలకలూ తిన్నగా ఉన్న మోటారు మంచుబండి ఈ భూమ్మీద పుట్టలేదు. ఎవరి బండి తెచ్చి నిలబెట్టినా నడుం వంచి, ఒక కన్ను మూసి, "వెంట్రుకవాసి తేడా ఉంది" అనేవాడు. తలమీద ఒక్క వెంట్రుకైనా లేని మనిషికి ఆ కొలత ఎక్కడ దొరికిందో మా ఊరికి నలభై ఏళ్లుగా అంతుపట్టలేదు.

నా బండితో వచ్చిన సన్న స్కీలు మెత్తటి మంచులో కూరుకుపోతున్నాయని వెడల్పాటి ప్లాస్టిక్ స్కీలు తెప్పించి, పుస్తకం చూసి నేనే బిగించాను. గేటు దాటగానే బండి ముక్కు మంచులో దిగబడింది.

తైస్తో పడీపడీ నవ్వాడు. "టీచరమ్మా, స్కీ మధ్యలో రబ్బరు దిమ్మ తిరగేసి పెట్టారు. మీ బండి పుట్టగొడుగులు వెతుక్కుంటోంది!"

"పుస్తకంలో అలాగే ఉందయ్యా."

"పుస్తకం కూడా తిరగేసి పట్టుకున్నారేమో."

రబ్బరు సరిచేశాడు. హ్యాండిల్ కదలకుండా కట్టి, వెనక తిరిగే రబ్బరు పట్టా నుంచి ముందు స్కీలదాకా ఎర్ర ఊలుదారం లాగి చూశాడు. స్కీల ముందు కొనలు పిసరంత ఎడంగా ఉండాలట. నట్టు పావు చుట్టు తిప్పాడు. మళ్లీ దారం. మళ్లీ పావు చుట్టు, ఈసారి వెనక్కి. నా కాఫీ మూడు కప్పులు తాగి బండెక్కాడు.

"నడిపి చూడాలి."

ఆ నడపడం ఎప్పుడూ ఒకే దారిన. గడ్డకట్టిన సరస్సు మీదుగా అవతలి గట్టున ఒంటరిగా ఉండే హెల్మి అవ్వ ఇంటిదాకా, ఏడు కిలోమీటర్లు. పెట్రోలు మనది. తిరిగొచ్చి "వెంట్రుకవాసి" అనేవాడు. మళ్లీ ఏడు. "స్కీలు మార్చమంటే బండినే అరగదీశాడు!" అని వేటగాడు యల్మరి ఊరంతా చెప్పుకు తిరిగాడు.

ఫిబ్రవరిలో నర్సు మైయా మా పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ అంది: "నేను చూడ్డానికి వెళ్లే మంగళవారాల్లో ఒక్కనాడు దారి మూసుకుపోయినా హెల్మి అవ్వను పట్నం వృద్ధాశ్రమంలో చేర్చాల్సిందే. ఆవిడ నన్ను కరిచినా సరే. మెత్తటి మంచులో నా బండి వెళ్లదు."

"ఇప్పటిదాకా ఎలా వెళ్లావమ్మా?"

"ఎవరో ముందురోజే బండి నడిపి మంచు తొక్కిపెడుతున్నారు. రాత్రికి గడ్డకట్టి రోడ్డులా ఉంటోంది."

సోమవారం తైస్తో చేతికిచ్చిన బండి చీకటిపడేదాకా తిరిగి రాదని అప్పుడు గుర్తొచ్చింది. అతని సొంత బండి మూడేళ్ల కిందట మంచు పగిలి సరస్సులో మునిగింది. ఒకరిని నోరు తెరిచి అడగడం అతనికి చేతకాదు.

ఆ వారాంతం మోకాలిలోతు మంచు పడింది. సోమవారం తైస్తో కొట్టం ముందు ఒక్క బండీ లేదు. అన్నీ బాగుచేసి పంపేశాడు మరి! పార పట్టుకుని, ఎత్తడం మరిచిపోయి, సరస్సు వైపే చూస్తున్నాడు.

వెళ్లి బండి ఆపాను. "ఎడమకి లాగుతోందయ్యా."

"నేను బిగించిన స్కీనా?" పార విసిరేశాడు. "చచ్చినా లాగదు! దారం పెట్టి చూపిస్తా!"

వెనకే యల్మరి దిగాడు. "నాదీ లాగుతోంది. కుడికి." అతని వెనక ఇంకో నాలుగు బండ్లు.

తైస్తో గుండు ఎర్రబడింది. నలభై ఏళ్ల పనితనం గొంతుకి అడ్డం పడింది. మమ్మల్ని చూశాడు, సరస్సును చూశాడు. మింగాడు.

"ఎంత లాగుతోంది?"

"వెంట్రుకవాసి," అన్నాను.

"అయితే నడిపి చూడాలి." టోపీ చెవులమీదికి లాక్కున్నాడు. "అందరూ నా వెనకే రండి. ఒకే గాడిలో కాదు, పక్కలు కూడా తొక్కండి, దారి వెడల్పు... అదే, స్కీలు రెండు వైపులా పరీక్షించాలి కదా!"