విరగని కాడి

ఆ వడ్రంగి చేసిన బల్లల మీద కూర్చున్నవాళ్లు ముసలివాళ్లయ్యారు గానీ, బల్ల కిర్రుమన్నది లేదు. "మా ఆయన పీట చేస్తే ఏనుగెక్కినా ఆగుతుంది" అనేది భార్య. అది మురిపెమో విసుగో ఎవరికీ తెలిసేది కాదు.

అలాంటివాడికి చర్చి నాటకం కోసం కాడి చేసే పని పడింది. ప్రజలకు దాస్యం తప్పదని చెప్పడానికి యిర్మీయా ప్రవక్త మెడకు చెక్క కాడి తగిలించుకుంటాడు. రెండేళ్లలో అంతా బాగైపోతుందని తీపి కబుర్లు చెప్పే అబద్ధ ప్రవక్త హనన్యా, దాన్ని లాక్కుని విరిచేస్తాడు. ఆ హనన్యా వేషం వడ్రంగి బావమరిదిదే.

"బావా, తేలిగ్గా విరిగేలా మధ్యలో కాస్త కోసిపెట్టు."

"సరేలేరా" అని వడ్రంగి రంపం తీశాడు కూడా. కానీ మంచి కర్రకు గాటు పెట్టడానికి చేతులు రాలేదు.

నాటకంలో హనన్యా కాడి లాక్కున్నాడు. మోకాలికేసి కొట్టాడు, ఎక్కి తొక్కాడు. అతికించిన గడ్డం ఊడిపడింది గానీ కాడి చెక్కుచెదరలేదు. చివరికి దాన్ని కింద పడేసి ఆయాసపడుతూ నిలబడ్డాడు.

పాపం, యిర్మీయాకి బట్టీపట్టిన మాట తప్ప మరోటి రాదు. చెయ్యెత్తి గర్జించాడు.

"చెక్క కాడి విరిచేశావు కదూ! ఇక ఇనుప కాడే వస్తుంది!"

ముందు వరుసలో వడ్రంగి ఆగలేక లేచాడు.

"ఎక్కడ విరిచాడయ్యా? వాడంటే అబద్ధ ప్రవక్త, సరే. నీకేం పోయేకాలం?"