పదికి మూడు

ఇంగ్లండులో, లాంకషైర్‌లోని మా ఊళ్లో ఆర్మరాడ్ మాస్టారు ముప్పై ఎనిమిదేళ్లు లాటిన్ చెప్పారు. పిల్లలకి ఒక్క ముక్క అంటలేదు. రిటైరయ్యాక ఆ కసి మా మీద తీర్చుకున్నారు.

ఓసారి మాంసం కొట్లో, పికప్ అనే ముసలావిడ తన కాలి ఆనె నొప్పి ఎక్స్‌క్రూషియేటింగ్‌గా, అంటే ప్రాణం తోడేసేలా ఉందని మొత్తుకుంది.

"మేకులు ఎక్కడెక్కడ కొట్టారండీ?" అన్నారు మాస్టారు వెనకనుంచి.

"మేకులేంటి మాస్టారూ?"

"ఎక్స్‌క్రూషియేటింగ్‌లో ఉన్న 'క్రుక్స్' అంటే సిలువమ్మా. సిలువెక్కిన మనిషి బాధకి ఏ మాటా చాలక, లాటిన్‌వాళ్లు సిలువ పేరుతోనే ఒకటి చేసుకున్నారు. దాన్ని మీరు ఆనెకి వాడేస్తే, రేపు నిజంగా భరించలేనిది వచ్చినప్పుడు ఏం మిగులుతుంది?"

పాపం, ఆవిడ అరకిలో కీమా అడగడం కూడా మరిచిపోయింది.

ఫిబ్రవరిలో ఓ మంగళవారం పొద్దున ఆయనకే కడుపునొప్పి వచ్చింది. పక్కింటివాణ్ణి కాబట్టి కారు నాదే. వెనక సీట్లో ఎడ్నా, ఆయన భార్య, ఆయన చెమట తుడుస్తూ కూర్చుంది. ఆస్పత్రిలో నర్సు అడిగింది: "నొప్పి పదికి ఎంత?"

"కొంచెం ఇబ్బందిగా ఉంది. మూడు వేసుకోండి," అన్నారు మాస్టారు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

మూడే వేసుకుంది. చీలమండ బెణికిన ఒకాయన పదికి పన్నెండన్నాడు. మాకంటే ముందు లోపలికెళ్లాడు.

"పది అని చెప్పు విల్ఫ్, నీకు దణ్ణం పెడతాను," అంది ఎడ్నా మాస్టారితో.

"పది సిలువకి, ఎడ్నా. ఇది కడుపు."

మూడు గంటలు గడిచాయి. మాస్టారు కుర్చీలోనే పక్కకి ఒరిగిపోతూ, తగిలినందుకు నాకు సారీ చెప్పారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అప్పుడు ఎడ్నా లేచింది. నలభై ఆరేళ్ల కాపురంలో నలుగురిలో గొంతెత్తని మనిషి.

"నా మొగుడు చచ్చిపోతున్నాడు! ఎవరైనా రండి!" అని అరిచింది.

హాలంతా మర్యాదగా తలలు వంచుకుని బూట్లు చూసుకుంది. నర్సు మాత్రం పరిగెత్తుకొచ్చింది. అపెండిక్స్ పగిలిపోయింది. ఇంకో గంట ఆగితే దక్కేవారు కాదన్నాడు కోసిన డాక్టరు.

మర్నాడు ఆ డాక్టరే వచ్చి అడిగాడు: "నొప్పి ఎలా ఉంది మాస్టారూ?"

"పర్వాలేదు, ఒక రెం..."

"ఎనిమిది," అంది ఎడ్నా. "రాసుకోండి డాక్టరుగారూ. ఇకమీదట ఈయన నొప్పి నన్నడగండి."

మాస్టారు ఆమె వంక చూశారు. తర్వాత డాక్టరుకేసి తిరిగి, "ఎనిమిదేనండీ," అన్నారు.