లడ్డూ తోక సన్నబడిన చలికాలం

నిన్న పొద్దున వంటింటి గోడ మీది నుంచి ఒక బల్లి జారి మా కోడలి భుజం మీద పడింది. ఆ పిల్ల కెవ్వున అరిచి, ఎడమ భుజమా కుడి భుజమా అని తనలో తనే తర్జనభర్జన పడుతూ పంచాంగం కోసం పరుగెత్తితే, నేను మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, గట్టు మీద బిక్కచచ్చి కూర్చున్న ఆ బల్లి తోక లావుగా ఉందా సన్నగా ఉందా అని వంగి చూస్తున్నాను. ఏం చేయను, అలవాటైపోయింది. మన ఈడు వాళ్లకు బల్లి అంటే శకునం, మీద పడితే తలస్నానం, అంతే కదా. నాకు మాత్రం కొన్నేళ్ల కిందట ఒక చలికాలమంతా బల్లి అంటే గ్రాములు, గుండెదడ.

శంషాబాద్‌లోని మా ఇంటి పైగది ఎప్పుడూ ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలకే కిరాయికి ఇచ్చేవాళ్లం. అప్పుడున్నది గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ప్రయాణికుల సామాను తూకం వేసి లోపలికి పంపే ఉద్యోగం. ఆ అమ్మాయి వెంట ఒక అద్దాల పెట్టె, అందులో జానెడు పొడవున పసుపు ఒంటి మీద నల్లచుక్కలతో ఒక పెంపుడు బల్లి వచ్చాయి. గోడలెక్కదు, కనురెప్పలు ఆర్పుతుంది, తోక మాత్రం ముల్లంగిలా లావు. తిన్నదంతా ఆ తోకలోనే దాచుకుంటుందట, అందుకే దానికి లడ్డూ అని పేరు పెట్టుకుంది. మా ఆయన మొదటిరోజే నా మీద ఎగిరాడు.

“ఏందే ఇది, మనింట్ల బల్లులు తక్కువున్నయా, కిరాయికి ఇంకోటి తెచ్చినవ్?”

ఆ మార్గశిరంలో అమ్మాయికి ఢిల్లీలో ఆరు వారాల శిక్షణ పడింది. అద్దాల పెట్టెను కిందికి తెచ్చి మా హాల్లో పెట్టి, తవుడులో పెంచే పురుగుల డబ్బా ఒకటి చేతికిచ్చి, ఏం చేయాలో కాగితం మీద పొందికగా రాసిచ్చింది. రోజు విడిచి రోజు నాలుగు పురుగులు, గిన్నెలో నీళ్లు, పెట్టె అడుగున అతికించిన వేడి పట్టీ మాత్రం రేయింబవళ్లు ఆపకూడదు. చివర లడ్డూ బరువు యాభై ఎనిమిది గ్రాములు అని కూడా రాసింది. ఆటో ఎక్కేముందు నా రెండు చేతులూ పట్టుకుని, నాకు ఇదొక్కటే ఉందాంటీ అంది. దాని వెనకాల ఏ కథ ఉందో నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు.

నేను గగన్‌పహాడ్‌లో ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసినదాన్ని. కేంద్రానికి తాళం వేసేముందు స్విచ్చులన్నీ ఆపి, వెనక్కి వచ్చి మళ్లీ చూసుకుని గానీ గడప దాటేదాన్ని కాదు. రిటైరైనా ఆ చేతులు ఊరుకుంటాయా? కూరగాయలకని బయల్దేరితే స్విచ్చి బంద్, పడుకోబోయేముందు స్విచ్చి బంద్. పట్టీ గురించి గుర్తొచ్చినా, హైదరాబాదు చలి కూడా ఒక చలేనా అని కొట్టిపారేసేదాన్ని. పైగా పిల్లల బరువులు తూచీ తూచీ ఆరితేరిన కన్ను నాది, ఇంత ప్రాణికి రోజు విడిచి రోజు నాలుగు పురుగులేం ఆనతాయని రోజూ ఎనిమిది వేశాను. తింటుంటే మురిసిపోయాను కూడా.

పదో రోజు పొద్దున చూస్తే పెట్టెలో మింగిన పురుగులన్నీ అరగకుండా అలాగే కక్కేసి ఉన్నాయి, లడ్డూ మూల నక్కి కళ్లు మూసుకుంది. ఆనాటి నుంచి ఏది పెట్టినా మొహం తిప్పేసుకునేది. పప్పులు తూచుకునే చిన్న త్రాసు మీద ఆవాల డబ్బా పెట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టి తూచితే, డబ్బా పోను నలభై తొమ్మిది గ్రాములు. రెండు రోజులకు నలభై ఆరు. ముల్లంగి లాంటి తోక బెండకాయంత అయింది. నాకు అన్నం సహించడం మానేసింది. అమ్మాయి రోజూ సాయంత్రం ఫోన్ చేసి లడ్డూ ఎలా ఉన్నాడాంటీ అని అడిగితే, బాగున్నాడమ్మా అనేదాన్ని. ఫొటో పంపమంటే మొదటిరోజు తీసినదే పంపాను. ఎంత సిగ్గుమాలిన పని చేశానో చూడండి, ఆ వయసులో!

చివరికి మా ఆయనే కసిరాడు. “గట్ల అబద్ధాలు చెప్పుకుంట ఎన్ని రోజులు నెట్టుకొస్తవ్? అది సచ్చినంక ఏం మొహం పెట్టుకుని చెప్తవ్? ఇగ నడు, దవాఖానకు తీస్కపోదాం.”

ఆరాంఘర్ దాటినాక పక్షులకూ, చిన్న జంతువులకూ మందిచ్చే డాక్టరు ఒకాయన ఉన్నాడని వాకబు చేసి, మూతకు చిల్లులు పొడిచిన టిఫిన్ డబ్బాలో దాన్ని పెట్టుకుని, శాలువా కింద పొట్టకు ఆనించుకుని ఆటోలో మా ఆయన పక్కన కూర్చున్నాను. సాతంరాయి దగ్గర ఆటో ఒక గుంతలో పడితే నా పై ప్రాణాలు పైనే పోయాయి. గగన్‌పహాడ్‌లో నా పాత కేంద్రం ఉన్న సందు వస్తే అటువైపు చూడనైనా లేదు.

డాక్టరు దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, “వేడి ఉంటేనే దీనికి తిన్నది అరుగుతదమ్మా, లేకుంటె కడుపుల్నే మురిగిపోతది. ఎవరన్నా వేడి బంద్ చేసిండ్రా?” అని అడిగాడు. నేనే చేసిన సార్ అన్నాను. ఆయన తిట్టలేదు, మూడు రోజులు వెచ్చగా ఉంచి నీళ్లు మాత్రమే పెట్టమని, ఆ తర్వాత తను ఇచ్చే పొడిని పలచగా కలిపి మూతి మీద ఒక్క చుక్క వేయమని, నోరు బలవంతంగా తెరవొద్దని చెప్పాడు. “బక్కచిక్కినదానికి ఒక్కసారే కుక్కొద్దమ్మా, జర జర, మెల్లగ పెట్టాలె.”

ముప్పై ఏళ్లు తల్లుల్ని వరుసగా చాపల మీద కూర్చోబెట్టి నేను చెప్పిన మాటే అది! విననివాళ్లను కేకలేసి మరీ చెప్పాను. ఒక్కటంటే ఒక్క ప్రాణి నా ఇంటికొస్తే ఆ మాటే మరిచిపోయాను. తిరుగుదారి పొడుగునా మా ఆయన నన్ను దెప్పకుండా, గుంతలు చూసి మెల్లగా పోనీయమని ఆటో అతనికి చెబుతూ కూర్చున్నాడు, అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ సాయంత్రం అమ్మాయికి ఫోన్‌లో అంతా చెప్పేశాను, స్విచ్చి సంగతీ, పాత ఫొటో సంగతీ కూడా. అవతల ముక్కు చీదుకుని, “మధ్యలో వస్తే ఉద్యోగం పోతుందాంటీ. మీరున్నారుగా, చూసుకోండి” అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆనాటి నుంచి నా రోజంతా ఆ ఒక్క చుక్క చుట్టూనే తిరిగింది. స్విచ్చి మీద ఎవరి చేయీ పడకుండా మా ఆయన దానికి అడ్డంగా అట్టముక్క అతికించాడు. మూతి మీద చుక్క వేసి ఊపిరి బిగబట్టి కూర్చుంటే, ఎప్పటికో గులాబీ రంగు నాలుక బయటికొచ్చి దాన్ని నాకేది, ఒక్కోసారి అదీ లేదు. నలభై మూడు, నలభై ఒకటి, మళ్లీ నలభై ఒకటి. బల్లి అంటే ఆమడ దూరం పారిపోయే మా ఆయన, పొద్దున్నే టీ కూడా ముట్టకుండా త్రాసు దగ్గరికొచ్చి నిలబడేవాడు. “ఎంతుందే ఇయ్యాల?” ఒకనాడు నలభై రెండు అన్నాను. త్రాసు సక్కగున్నదా అని మళ్లీ తూపించాడు. నలభై రెండే. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికి పోయాడు. ఆ తర్వాత లడ్డూ తనంతట తానే మొదటి పురుగును పట్టుకుని తిన్న రోజున కూడా నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ. మళ్లీ కక్కుతుందేమోనని మధ్యాహ్నం దాకా పెట్టె ముందునుంచి లేవలేదు.

అమ్మాయి వచ్చేనాటికి యాభై గ్రాములు. సంచులు గుమ్మంలోనే వదిలేసి దాన్ని చేతిలోకి తీసుకుని, తోక తడిమి, నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. మరో రెండేళ్లకు బెంగళూరుకు బదిలీ అయితే లడ్డూనూ తీసుకుని వెళ్లిపోయింది.

పైగదిలో ఇప్పటికీ ఎయిర్‌పోర్టు పిల్లలే ఉంటారు. మంచి పిల్లలు, కిరాయి ఒకటో తారీఖునే ఫోన్‌లో పడిపోతుంది. తలుపుకు అంకెల తాళం, తిండి గేటు దగ్గరికే వస్తుంది. పది రోజులు ఊరెళ్లినా, ఆంటీ జర చూసుకోండి అని ఒక పూలకుండీ కూడా అప్పజెప్పరు. ఇగ నీకేం పరేషాన్ లేదు, నిమ్మళంగ ఉండు అంటారు అందరూ. నిమ్మళంగానే ఉన్నాను. కానీ కొన్ని పొద్దుల్లో లేచీ లేవగానే, బతికుందో లేదో అని గుండె దడదడలాడుతూ హాల్లోకి పరుగెత్తిన ఆ రోజులు గుర్తొస్తాయి. అంత భయాన్ని నమ్మి నా చేతిలో పెట్టిపోయేవాళ్లు మళ్లీ ఒక్కరు వస్తే బాగుండును.