గుర్రానికి తెల్లబూట్లు

నేను చొప్పదండి దగ్గర పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవి బర్రెలు, మేకలు, అప్పుడప్పుడు ఎవరిదో పెంపుడు కుక్క. గుర్రాన్ని కాలేజీలో చదువుకున్నాను, ఆ తర్వాత పెళ్ళి ఊరేగింపుల్లో చూశాను. మా అన్న లెక్కలో మాత్రం పశువుల డాక్టరంటే నాలుగు కాళ్ళున్న దేనికైనా డాక్టరే. ఇంట్లో మంచం విరిగినా నన్నే పిలిచేలా ఉంటాడు.

అన్నకు రైసు మిల్లు ఉంది, భూమి ఉంది, ఆ రెండింటికీ మించిన పేరు ఉంది. ఆ పేరును ఎవరూ మరిచిపోకుండా చూసుకోవడమే ఆయన అసలు వృత్తి. ఆయన కూతురు హైదరాబాదులో చదువుకుంటూ గుర్రపు స్వారీ నేర్చుకుంది. సొంత గుర్రం కావాలని చాలాకాలం అడిగింది. అడిగినన్నాళ్ళూ ఆయన వినలేదు. ఆదిలాబాదులో ఆయన స్నేహితుడైన పత్తి జిన్నింగ్ మిల్లు సేటు తన కొడుకు కోసం గుర్రం కొన్నాడని తెలియగానే మాత్రం, పందాల నుంచి తప్పించిన ఒక గోధుమరంగు ఆడగుర్రం మా అన్న తోటలోకి దిగింది.

మా మేనకోడలికి క్రాస్‌కంట్రీ మీద మనసు. అంటే మైదానంలో గుండ్రంగా తిప్పడం కాదు, పొలాలకు అడ్డంపడి దుంగలూ గుంతలూ వాగులూ దాటిస్తూ గుర్రాన్ని పరిగెత్తించడం. వరి కోసిన మళ్ళలో చిన్న దుంగలు వేయించి, రోజూ పొద్దున గుర్రానికి కొంచెం కొంచెంగా అలవాటు చేసింది. అది సంతోషంగానే దూకేది. ఒకరోజు మాత్రం దుంగ దాటి దిగేటప్పుడు దాని వెనక గిట్ట ముందరి కాలికి గీసుకుంది. నేను వెళ్ళి చూశాను. పైపై గాయమే. కానీ ఇక బూట్లు లేకుండా దూకించొద్దని చెప్పాను.

అన్నను కూర్చోబెట్టి విషయమంతా వివరించాను. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు, ఎముక, నరం, తోలు, అంతే. వెనక గిట్ట వచ్చి ఆ నరాన్ని కొడితే గుర్రం పని అయిపోయినట్టే. పైగా ఈ పరుగులో దుంగ కదలదు, పడిపోదు, కాబట్టి ముందువైపు నుంచి కూడా కాలిని కాపాడాలి. బూటు పైన గట్టి డొల్ల ఉండాలి, లోపల మెత్తగా ఉండాలి, గాలి ఆడాలి, నీళ్ళు పీల్చకూడదు. అన్నిటికన్నా ముందు కొలత సరిపోవాలి. ఆయన అంతా శ్రద్ధగా విని, "తెల్లయి దొరుకుతయా చెల్లె?" అని అడిగాడు.

ఆ ఆదివారం హాల్లో టీవీ తెర నిండా బూట్ల బొమ్మలు పెట్టుకుని చుట్టాలందరూ కూర్చున్నారు. మా బాబాయి, గిట్టలకు నాల్లు కొట్టిస్తే పోయేదానికి బూట్లెందుకని వాదించాడు. నాల్లు గిట్ట అడుగున కొట్టే ఇనుము అనీ, ఇవి కాలికి కట్టేవి అనీ చెప్పినా ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో ఇనుము కంటే గట్టిది లేదు. మా వదిన మాత్రం తలుపు దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది.

"గుర్రం కాళ్ళ సంగతి మంచిగనే ఉన్నది. పిల్ల పడితే ఎట్ల, దానికేం కొన్నరు?"

కోడలే, తనకు టోపీ, ఛాతీకి కట్టుకునే కవచం ఉన్నాయని తల్లికి చెప్పింది. అప్పటిదాకా అవి ఉన్నాయని తండ్రికి తెలియదు.

చివరికి అన్న ఎంచుకున్నవి పాలలా తెల్లగా, లోపల దట్టమైన బొచ్చుతో, బంగారు రంగు బకిల్స్‌తో మెరిసిపోతున్నాయి. కోడలు నెమ్మదిగానే చెప్పింది, "బాపూ, అవి పొడి మైదానంల నడిచే గుర్రాలకు. నీళ్ళల్ల దిగితే బొచ్చు తడిసి బరువైతది."

"సేటు పిలిచిండు, నలుగుట్ల పోతున్నం బిడ్డా. చూస్తే చూడబుద్ధి గావాలె గదా," అన్నాడు ఆయన.

నేను కల్పించుకుని పిల్ల చెప్పిందే నిజమన్నాను. బర్రెల డాక్టరుకు గుర్రాల సంగతి ఏం తెలుసని నవ్వాడు. అంతకు ముందు వారమే నన్ను గుర్రాల డాక్టరని మిల్లులో పరిచయం చేసిన మనిషి. కొలత తీసుకుందామంటే, అది కూడా వద్దన్నాడు. ఆయన ఇంట్లోకి చిన్న సైజు రావడమే చిన్నతనం. ఉన్నవాటిలో పెద్దది తెప్పించాడు.

బూట్లు వచ్చాక కొన్నాళ్ళు సోఫా మీద వాటికే చోటు. మనుషులు కుర్చీల్లో సర్దుకున్నారు. ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని వాటి మీద ఎర్రదారంతో కుట్టించాడు. చూడడానికి వచ్చినవాళ్ళలో మిల్లు హమాలీలు కూడా ఉన్నారు. వడ్ల బస్తాలు మోసే ఆ కాళ్ళకు చెప్పులైనా లేవు. వాళ్ళు బూట్లను చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వి వెళ్ళిపోయారు. మా అన్న దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

సేటు పిలుపు మీద గుర్రాన్ని వ్యానెక్కించి ఆదిలాబాదు తీసుకెళ్ళాం. పత్తి ఏరేసిన నల్లరేగడి చేలో దుంగలు పేర్చారు, మధ్యలో మోకాలి లోతు వాగు. షామియానా, కుర్చీలు, మైకు అన్నీ ఉన్నాయి. సేటు తన గుర్రం కాళ్ళకు బూట్లే కొనలేదు. నాలుగు కాళ్ళకూ దూది దట్టంగా చుట్టి, మీద పట్టీలు కట్టించాడు. "అరె భావూ, కాపూస్ మనది, మిల్లు మనది. ఇంక బూట్లెందుకు?" అని మా అన్నతో గర్వంగా చెప్పాడు. కాపూస్ అంటే పత్తి. ఆ కాపూస్ మొదటి దుంగ దగ్గరే ఊడిపోయింది. గుర్రం ముందు నడుస్తుంటే పట్టీ వెనక పెళ్ళికూతురి కొంగులా ఈడ్చుకుంటూ వచ్చింది. సేటు కొడుకు కిందికి దిగి దాన్ని చుట్టుకుంటూ షామియానా దాకా వచ్చాడు. మా అన్న సంతోషం పట్టలేక చల్లటి షర్బత్ మళ్ళీ పోయించుకున్నాడు.

తర్వాత మా కోడలి వంతు. పరుగు మొదలుపెట్టేముందు గుర్రానికి వాగు అలవాటు కావాలని మెల్లగా నీళ్ళలోంచి నడిపించింది. అంతే. బొచ్చు వాగులో సగం తాగింది. పెద్ద సైజు కదా, బరువుకు బూట్లు కిందికి జారి గిట్టల మీద కూర్చున్నాయి. సందుల్లోకి రేగడి బురద దూరింది. ఆ గుర్రం వేడి బూడిద తొక్కిన కోడిలా ఒక్కొక్క కాలు ఎత్తి విదిలించింది. కోడలు దిగి, బకిల్స్ విప్పి, నల్లగా మారిన ఆ తెల్లబూట్లు నాలుగింటినీ గట్టున పడేసి, కళ్ళెం పట్టుకుని గుర్రాన్ని వెనక్కి నడిపించుకొచ్చింది.

అన్న ఎదురువెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. బూట్లు లేకుండానే ఎక్కమని, అందరూ చూస్తున్నారని, ఇజ్జత్ పోతుందని గొంతు తగ్గించి చెప్పాడు.

"దాని కాలు పోతే నీ ఇజ్జత్ పెట్టి నడిపిస్తవా బాపూ?" అంది కోడలు.

గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. ఆ పిల్ల ఆయనకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. అన్న ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగి, "చెల్లె, గుర్రానికి జరం వచ్చిందని మైకుల చెప్పు. నువ్వు డాక్టరువు, నమ్ముతరు," అన్నాడు.

నేను గుర్రం మెడ మీద చెయ్యి వేసి చూశాను. "జరం వచ్చింది గుర్రానికి కాదన్నా," అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మంచాలకూ నా అవసరం పడలేదు.

కోడలు తన చదువుకు తిరిగి వెళ్ళేలోగా మేమిద్దరమే పని పూర్తిచేశాం. మోకాలి కింది నుంచి గిట్టపై కీలు దాకా పొడవు, కాలి చుట్టుకొలత టేపుతో తీసుకుని కొత్తవి తెప్పించాం. వచ్చిన బూట్లు నల్లగా, ఏ అందమూ లేకుండా ఉన్నాయి. కొంచెం పైన పెట్టి, వెంట్రుకలు పడుకునే దిక్కుగా కిందికి జరిపి, పట్టీలు బయటివైపు బిగించాలి. వదులుగా ఉంటే జారుతుంది, మరీ బిగిస్తే నరం నలుగుతుంది. ముందరి గిట్టల మడమలకు కోడలు రబ్బరు తొడుగులు కూడా వేసింది. కాసేపు నడిపించి, విప్పి, ఎక్కడైనా ఒరిసిందా అని చేత్తో తడిమి చూసి, అప్పుడు దూకించింది.

అన్న ఆ పొద్దున తోటకు వచ్చాడు. నీళ్ళు చూసుకోవడానికి వచ్చానన్నాడు. ఆ మడికి నీళ్ళు పెట్టే కాలం కాదు. గుర్రం పెద్ద దుంగ దగ్గర అంచనా తప్పి, ముందరి కాలితో దాన్ని గట్టిగా కొట్టింది. చప్పుడు గట్టు దాకా వినిపించింది. నేను పరిగెత్తాను. నాకంటే ముందే అన్న చేరుకున్నాడు, పంచె బురదలో పడుతున్నా చూసుకోకుండా గొంతుకూర్చున్నాడు. కోడలు బూటు విప్పింది. డొల్ల మీద వేలెడు గాటు పడింది. లోపల కాలు చెక్కు చెదరలేదు. అన్న తన అరచేత్తో ఆ కాలిని పైనుంచి కిందికి నిమిరి, "నొచ్చిందా బిడ్డా దానికి?" అని అడిగాడు. లేదంది కోడలు.

ఆ సాయంత్రం మిల్లు దగ్గర, ఆ గాటును ఫోనులో అందరికీ చూపిస్తూ, దూకే గుర్రానికి బూట్లు ఎలా ఎంచుకోవాలో ఆయన చాలాసేపు చెప్పాడట. తానే ఎంచుకున్నానని కూడా చెప్పాడట. మిగతావన్నీ సరిగానే చెప్పి, కొలత తీసే పద్ధతి ఒక్కటి తప్పు చెప్పాడు. వినేవాళ్ళలో ఎవరికీ గుర్రం లేదు గనక నష్టమేమీ జరగలేదు.