గంజిలో కలిపిన మందు

2023 వర్షాకాలం. ఏలూరులోని మా ఆసుపత్రి క్యాన్సర్ విభాగంలో ఓరల్ కీమో తీసుకునేవాళ్లకు జాగ్రత్తలు నేర్పే నర్సును నేను. ఓరల్ కీమో అంటే సెలైన్‌లో ఎక్కించకుండా నోటితో వేసుకునే క్యాన్సర్ మాత్ర. ఇంట్లోనే వేసుకోవచ్చని చెప్పగానే అందరి ముఖాలూ విప్పారతాయి. నాకు మాత్రం అక్కడే గుబులు మొదలవుతుంది. ఆసుపత్రిలో అయితే మందు మా కళ్లెదుట ఉంటుంది. ఇంటికి వెళ్లాక దాన్ని ఎవరు ఏం చేస్తారో ఎవరికి తెలుసు? అందుకే మొదటి విడత మాత్రలు ఇచ్చి పంపిన కొద్దిరోజులకే ఫోన్ చేసి కనుక్కుంటాం. అడిగిందే అడిగి ప్రాణం తీస్తానని మా విభాగంలో నాకు పేరు.

సుగుణమ్మగారిది కొల్లేరు లంక గ్రామం. రొమ్ము క్యాన్సర్. భర్త ఏసోబుగారు చేపల చెరువు మీద పనిచేస్తారు. ఫోన్ ఆయనే ఎత్తారు.

"ఒక్క పూట కూడా మానలేదండి సిస్టరుగారూ. దగ్గరుండి నేనే ఇస్తన్నానండి."

సంతోషించి పెట్టేసేదాన్నే. అలవాటు కొద్దీ ఇంకో ప్రశ్న వేశాను. "మాత్ర మింగగలుగుతున్నారాండీ?"

"మింగితే కక్కేస్తందండి. అందుకని పొడి చేసి గంజిలో కలిపేస్తన్నాను. చేపలకి మందు మేతలో కలిపే కదండీ పెడతాం!"

ఈ మాత్రను నూరకూడదని, వట్టి చేత్తో ముట్టుకోకూడదని చెప్పే పంపాం. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి కాబోలు అనుకుంటూ, "గంజి అంతా తాగుతున్నారా?" అన్నాను.

"ఎక్కడండీ! సగం వదిలేస్తది. మిగిలింది మా అమ్మాయి తాగుతందండి. పురిటికొచ్చింది. అంత మంచి గంజి పారబోయడం ఎందుకని."

శరీరంలో వేగంగా పెరిగే వాటినే ఆ మందు దెబ్బకొడుతుంది. కడుపులో బిడ్డ చేసే పనల్లా పెరగడమే.

"ఏసోబుగారూ, ఆ గంజి ఇక ఎవరూ ముట్టొద్దండీ. అమ్మాయిని తీసుకుని ఇప్పుడే బయల్దేరండి."

"అదేంటండీ? చెరువులో బాగున్న చేపలు కూడా ఆ మేతే తింటాయి, వాటికేం కాదు కదా. జబ్బున్నదాన్నే కదండీ మందు పట్టుకునేది?"

ఆయనను తప్పుపట్టడానికేం లేదు, ఇన్నేళ్లూ చెరువు గట్టున చూసింది అదే. "ఈ మందుకి ఆ తేడా తెలీదండీ" అన్నాను. అవతల "శాంతీ, అమ్మా శాంతీ" అని కూతుర్ని కేకేయడం వినిపించింది.

వానలో ఆటో కట్టించుకుని వచ్చారు. అప్పటిదాకా నేను గేటుకీ వార్డుకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు. స్కానింగ్ చేశారు, రక్తపరీక్షలు చేశారు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. "ఇప్పటికి బాగుంది. పుట్టేదాకా నేనేమీ గట్టిగా చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

బయట బెంచీ మీద సుగుణమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "నేనే తాగమన్నానండీ. కడుపులో పాపకి బలమని నా చేత్తోనే ఇచ్చాను." మీకు తెలియక జరిగింది, ఏం కాదు అన్నాను. ఆ మాట నాకే నమ్మకంగా అనిపించలేదు.

వాంతులు ఆగడానికి డాక్టరుగారు ముందుగా వేసుకునే బిళ్ల రాశారు. దాంతో ఆవిడ మాత్రను అలాగే మింగగలిగారు. ఏసోబుగారికి గ్లౌజులు ఇచ్చాను. శాంతి ఫోన్ చేసినప్పుడల్లా ఏం వినాల్సొస్తుందోనని భయపడుతూనే ఎత్తేదాన్ని. ఆ అమ్మాయేమో "బిడ్డ తిరుగుతుందండీ, అది చెబుదామనే" అనేది.

నెల తిరగకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్లల డాక్టరు నిలువెల్లా పరీక్షించి, బాగుందన్నారు. వినగానే నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

వార్డులోకి వెళ్తే బంధువులంతా మంచం చుట్టూ ఉన్నారు. సుగుణమ్మగారు మాత్రం గుమ్మం దగ్గరే, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డారు.

"మనవరాల్ని ఎత్తుకోలేదేమండీ?"

"నా ఒంట్లో ఆ మందుంది కదండీ. నేను ముట్టుకుంటే పాపకేమన్నా అయితే?"

గంజి సంగతి తెలిసిన రోజు నుంచీ ఆవిడ కూతురి తల కూడా దువ్వలేదట. గబగబా ఆవిడను పంపు దగ్గరకు తీసుకెళ్లాను. సబ్బుతో ఆవిడ చేతులు, నా చేతులు కడిగాను. "మీరు ముట్టుకుంటే మందు అంటదండీ. ఎత్తుకోండి. ఏమీ కాదు" అన్నాను. ఈసారి ఆ మాట నమ్మకంగానే అన్నాను.

మందు ఎందులో ఇస్తున్నారు, మిగిలింది ఎవరు తింటున్నారు అని ఇప్పుడు ప్రతి ఇంటివాళ్లనూ అడుగుతాను. ఏం చెయ్యకూడదో చెప్పడం నాకు మొదటి నుంచీ బాగానే వచ్చు. ఏం చెయ్యొచ్చో కూడా చెప్పి పంపకపోతే ఒక అమ్మమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోతుందని మాత్రం సుగుణమ్మగారి వల్లే తెలిసింది.