ఉడికిన విత్తనం

ఆర్మూర్‌లో చిన్న అప్పులిచ్చే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. బండి మీద వేల్పూర్ వైపు ఊళ్లకు పోయి, ఆడవాళ్ల గ్రూపుల దగ్గర వారం వారం కిస్తీలు వసూలు చేయడం నా పని. ఒకామె కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలి. నేను ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. "ఆమె కిస్తీ వచ్చేదాక ఎవ్వరు లేవొద్దు అక్కా" అని కుర్చీలో కూర్చునేవాణ్ణి, అంతే. పొయ్యి మీది అన్నం, పాలకు ఏడ్చే పిల్లలు, పొద్దెక్కుతున్న కూలి పని నా తరఫున కొట్లాడేవి.

ఆ ఎండాకాలం ఒకామె వరసగా కిస్తీలు తప్పింది. భర్త నిజామాబాద్ దవాఖానలో ఉన్నాడు. పండిన పసుపంతా అమ్మి అక్కడే పెట్టింది. వానలకు నాటుకోవడానికి దాచిన విత్తనం పసుపు ఒక్కటే మిగిలింది. కొట్టంలో కుప్ప పోసి, పైన ఆకు కప్పి పెట్టుకుంది.

గ్రూపు లీడరు ఆమె తోడికోడలే.

"గా కుప్ప ఎవరికి దాచినవే? పోయిన వారం నా కమ్మలు కుదవబెట్టి నీ కిస్తీ కట్టిన."

"అక్కా, గది విత్తనం. గది పోతే నా చేను బీడే."

లీడరు నా వైపు తిరిగింది. "సారూ, పచ్చిది మార్కెట్ల ఎవరు కొంటరు?"

పక్క కళ్లంలో ఎవరిదో పసుపు ఉడుకుతోంది. అటు చూసి, "ఉడకబెడితే కొంటరు గదా" అన్నాను. ఉడికిన కొమ్ము మొలవదని నాకు తెలుసు. నేనూ పసుపు పండించే ఇంట్లో పుట్టినవాణ్ణే.

ఆమె కొడవలి తీసుకుని కుప్పకు అడ్డం నిలబడింది. తోడికోడలు ఆమె జుట్టు పట్టి ఈడ్చింది. ఇంకొకామె చెయ్యి మెలిపెట్టి కొడవలి గుంజుకుంది. కింద పడ్డ మనిషి కడుపులో ఎవరో తన్నారు. ఎవరో నేను చూడలేదు, సెల్‌ఫోన్‌లోకి తల దించుకున్నాను. కుప్పను సంచులకెత్తి, కళ్లానికి ఈడ్చుకుపోయి, మసిలే కడాయిలో గుమ్మరించారు. ఆమె నోటి నుంచి రక్తం కారుతుండగా ఉరికొచ్చి, ఆ నీళ్లలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. దొరికిన కొమ్ములు బయటకు లాగితే తోలు కూడా ఊడొచ్చింది. మళ్లీ పెట్టబోతుంటే తోడికోడలే వెనక్కి గుంజి, గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "సస్తవే చెల్లె, ఇడిసిపెట్టు."

ఉడికిన పసుపు ఎండాక అమ్ముకుని పట్టుకుందామని, ఆమె వంతు కిస్తీ మిగతావాళ్లు కట్టారు. నేను లెక్కపెట్టుకున్నాను. "అక్కను దవాఖానకు తీస్కపోండ్రి" అని లేచాను.

"బండి నీకే ఉన్నది గదా సారూ, నువ్వే తీస్కపో" అన్నది లీడరు.

ఇంకో ఊళ్లో మీటింగుందని చెప్పి వచ్చేశాను.

ఆ వానాకాలం ఆమె చేనును వేరేవాళ్లు కౌలుకు తీసుకుని పసుపు వేశారు. అందులోనే ఆమె ఎడమచేత్తో కలుపు తీసింది, కూలికి. కిస్తీ మాత్రం మళ్లీ తప్పలేదు. మా అప్పుతో పేదరికం నుంచి బయటపడ్డ కుటుంబం ఒకటి చెప్పమని బ్రాంచిలో అడిగితే, నేను ఆమె పేరే చెప్పాను.