ఓనరమ్మ పేల దువ్వెన

నాంపల్లిలో మా ఓనరమ్మ ఓ ఆదివారం, ఇల్లు ఖాళీ చెయ్యమనడానికే పైకొచ్చింది. మా పిల్లి పేలు ఆబిడ్స్‌లో కొన్న ఆమె కొత్త పరుపు దాకా పాకాయి మరి. కానీ ఇద్దరు కూతుళ్లను పెంచిన చెయ్యి ఊరుకుంటుందా? గోక్కుంటున్న పిల్లిని చూడగానే, "జర పేన్ల దువ్వెన తే" అంది. పిల్లిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దువ్వి దువ్వి పేలను సబ్బునీళ్లలో ముంచింది. నాచేత దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టించి, రెండిళ్ల పరుపులూ డాబా మీద ఎండేయించింది. చివర్లో అలవాటుకొద్దీ పిల్లి తలకు కొబ్బరినూనె పట్టించి పాపిట తీసింది! పిల్లి జారిపోయి, డాబా మీద ఎండుతున్న ఆమె కొత్త పరుపు మీదే పొర్లింది. ఆమె పడీపడీ నవ్వింది. ఇక ఖాళీ ఊసే లేదు.

ఏడాది తర్వాత మరో ఆదివారం మేమే ఖాళీ చేస్తుంటే, దువ్వెన పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మీరు పోతె పోన్రి. పిల్లి గీడనే ఉంటది. ఇయ్యాల దాని తల దువ్వాలె."